రామాంజులు సార్ కోసిన సబ్బు

“నీ కాగితంలో ఎట్లుండాదో అట్లే వంచినా సార్! ఒక్క నూలు అటూ ఇటూ పోలేదు. కావాలంటే టేపు పెట్టి కొల్చుకో!”

“కొలత గురించి కాదప్పా నేను మాట్లాడేది.”

“మరి దేన్ని గురించి? అంగడి తెరిచీ తెరవకముందే వచ్చి తప్పు, తప్పు అంటాండావు. ఆపక్క టీ అంగడి, ఈపక్క పంచరు షాపు. ఎవుడన్నా ఇని, ఆయమ్మ చెయ్యి పోయింది లాల్ బాషా వల్లనంట అని ఊరంతా చెప్తే నేనేం కావాల?”

“నీ తప్పు కాదు, నాది అని చెప్పేదానికే వచ్చినా.”

“అది గూడా చెప్పొద్దు! లాల్ బాషాది కాదు అంటే, మరి ఎవురిది అని అడుగుతారు. అడిగేటోడు నీకాడికి రాడు, మీ కాలేజీకి వాచ్‌మన్ ఉండాడు. నా అంగడికి తలుపు గూడా లేదు. నేరుగా నాకాడికే వస్తాడు.”

“సరే, తప్పు సంగతి వదిలెయ్. ఇంగొకటి చేసియ్యి. నేను అడిగేది అదే.”

“చెయ్యను.”

“లాల్ బాషా...”

“చెయ్యనంటే చెయ్యను సార్. ఆ బండల ఫ్యాక్టరీలోళ్ళంతా ఒగటి. ఒగడు నన్ను వద్దన్యాడంటే అందరూ వద్దంటారు. నీకు నెల జీతముండాది. నాకు రోజూ ఎవుడో ఒగడు ఏదో ఒగటి ఇరగ్గొట్టుకోని వస్తేనే పొయ్యి వెలిగేది.”

నేను వెనక షెడ్డులో ట్రాలీ చక్రానికి వేసిన అతుకును గీకుతున్నాను. గ్రైండరు ఆపి విన్నాను. చాటుగా విన్నానని సిగ్గేమీ లేదు, ఆ అంగట్లో చాటు అనేదే లేదు. ‘నీకు నెల జీతముండాది’ అన్న మాటకు సార్ ఏమంటాడా అని చూశాను. సంచిని చంక కింద సర్దుకున్నాడు. ఆ జీతం ఈ నెలతో ఆఖరని లాల్ బాషాకు తెలీదు. నాకు తెలుసు.

ఆయన రామాంజులు సార్. ప్రొద్దుటూరు బైపాసు పక్కన ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్. చేత్తో గీసే డ్రాయింగూ, కంప్యూటర్లో గీసే డ్రాయింగూ రెండూ ఆయనే చెప్తాడు. కాలేజీ పేరు రాయను. రాస్తే ఇట్లాంటివి ఆ ఒక్క కాలేజీలోనే జరుగుతాయనుకుంటారు. నేను అక్కడే రెండేళ్లు చదివి మానేశాను. ఎందుకు మానేశానన్నది ఇక్కడ అనవసరం. ఇప్పుడు లాల్ బాషా వెల్డింగు షాపులో పని, జమ్మలమడుగు దారిలోని బండల ఫ్యాక్టరీలకు పోయి మిషన్లు బాగుచేసి రావడం కూడా నా పనే.

సార్‌ది కొండాపురం దగ్గర రిజర్వాయరు నీళ్ల కింద పోయిన ఊళ్లలో ఒకటి. వాళ్ల నాయన చిన్నసుబ్బయ్య గొర్రెలు మేపేవాడు. ఎవరి గొర్రెలు వాళ్లు గుర్తుపట్టడానికి చెవి కోస్తారు గదా, వీళ్ల మందకు ఎడమ చెవి కొసన గాటు, పక్క మందకు కుడి చెవి. గొర్రె ఎదురుగా వస్తే దాని ఎడమ చెవి మనకు కుడిపక్క కనబడుతుంది. “అది తెలీక పక్కోళ్ల గొర్రెను తోలుకొచ్చి మా నాయనతో తన్నులు తిన్యా రా. నాకు డ్రాయింగు ఆడ్నే వచ్చింది” అని క్లాసులో చెప్పేవాడు. మేం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు.

ఆయన పాఠం మొదలయ్యేది పెన్సిలుతో కాదు, గుడ్డలుతికే బార్ సబ్బుతో. ప్రతి ఒక్కడూ సబ్బు ముక్క, బ్లేడు తెచ్చుకోవాలి. ఒక వస్తువును ఎదురు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూసినట్టు మూడు బొమ్మలు గీయాలి. గీసినవాడు ఆ కాగితాన్ని పక్కవాడికి ఇవ్వాలి. పక్కవాడు ఒక్క మాట కూడా అడగకుండా, కాగితాన్ని మాత్రమే చూసి సబ్బును ఆ వస్తువులాగా కోయాలి. సబ్బు సరిగ్గా వస్తే గీసినవాడికి మార్కులు. తప్పుగా వస్తే గీసినవాడికే కోత, కోసినవాడికి ఏమీ కాదు. “నీకు అర్థమైతే సరిపోదు రా. చేసేటోనికి అర్థం గావాల. నువ్వు ఆడ ఉండవు, నీ కాగితమొకటే ఆడ ఉంటాది” అనేవాడు.

తప్పు సబ్బులన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఒకసారి ఏదో పని మీద వాళ్లింటికి పోతే ఆయన భార్య సుకన్యక్క బకెట్టు ముందర కూర్చుని, ఒక సబ్బు ముక్కను ఎత్తి చూపించింది. “చూడబ్బీ, మీ చదువు. ఇది బేరింగంట. దీంతో పంచెలు ఉతకాల నేను. పట్టుకుంటే వేళ్లు బొక్కలో ఇరుక్కుంటాండాయి” అంది. అంత మంచి చదువు ఆ కాలేజీలో ఇంకెక్కడా చెప్పలేదు. ఇది పొగడ్త కాదు. మిగిలినవాళ్లు చెప్పిందేదీ నాకు ఇప్పుడు గుర్తులేదు, సబ్బు కోయడం గుర్తుంది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కాలేజీ నడిపే కరస్పాండెంటు సబ్బులు ఆపించేశాడు. “ఏసీ పెట్టిన ల్యాబులో సబ్బు పొట్టు ఏంది సార్? పిల్లోళ్ల తల్లిదండ్రులు చూస్తే ఇది కాలేజీనా, చాకిరేవా అంటారు” అన్నాడట. సార్‌కు కంప్యూటరు మీద కోపం లేదు. సెలవుల్లో హైదరాబాదు పోయి, తన కంటే చిన్న పిల్లల పక్కన కూర్చుని సాఫ్ట్‌వేరు నేర్చుకుని వచ్చాడు. బాగానే చెప్పేవాడు. సబ్బు మాత్రం పోయింది. కాగితం ఒకడు గీసి ఇంకొకడు చదివే పద్ధతి కూడా దానితోనే పోయింది.

ఇక గార్డు సంగతి.

జమ్మలమడుగు దారిలో ఒక బండల ఫ్యాక్టరీ ఉంది. నల్ల కడప బండను కోసి, పాలిష్ పెట్టి లారీలకు ఎత్తుతారు. అక్కడ కటింగు మిషను పక్కన మోటారు, దాని మీద తిరిగే బెల్టు. ఆ బెల్టు మీద రేకు మూత ఉండాలి, మనిషి బట్టా చెయ్యీ అందులో పడకుండా. దాన్నే గార్డు అంటారు. ఆ మిషనుకు గార్డు లేదు. తనిఖీకి వస్తారని తెలిసి, ఒకటి చేయించి ఇమ్మని యజమాని కరస్పాండెంటును అడిగాడు, ఇద్దరూ స్నేహితులు. కరస్పాండెంటు అది కాలేజీ పిల్లల ప్రాజెక్టు అన్నాడు. ఫైనలియర్ చదివే పృథ్వీ అనే పిల్లవాడు కంప్యూటర్లో గీశాడు. సార్ చూసి, ‘చెక్‌డ్ బై’ అన్నచోట సంతకం పెట్టాడు. లాల్ బాషా రేకు వంచాడు.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను, కష్టమేమీ కాదు. మన దేశంలో వస్తువును ఎడమ నుంచి చూసిన బొమ్మను కాగితం మీద కుడిపక్క గీస్తారు. అమెరికావాళ్లు ఎడమ నుంచి చూసింది ఎడమపక్కే గీస్తారు. ఏ పద్ధతిలో గీశామో తెలియడానికి కాగితం మూలన ఒక చిన్న గుర్తు ఉంటుంది. రేకు వంచేవాడు ముందు ఆ గుర్తును చూస్తాడు. పృథ్వీ ఇంటర్నెట్ నుంచి ఒక తయారు షీటు దించుకున్నాడు, అందులో బొమ్మలు అమెరికా పద్ధతిలో వాటంతట అవే కూర్చున్నాయి. దాని మూలన మన కాలేజీ డబ్బా, అంటే పేర్లూ సంతకాలూ ఉండే గడి, అతికించాడు. ఆ డబ్బాలో మన పద్ధతి గుర్తు ఉంది. ఎందుకు అతికించాడు? ఆ డబ్బా లేకపోతే రామాంజులు సార్ మార్కులు కోస్తాడు కాబట్టి. మా బ్యాచిలోనూ అదే రూలు. బొమ్మలు ఒక రకం, గుర్తు ఇంకో రకం. లాల్ బాషా గుర్తును నమ్మాడు. గార్డు అద్దంలో కనిపించే బొమ్మ మాదిరి ఎడమది కుడిగా వచ్చింది.

సార్ చూడలేదా అంటే, చూశాడు. స్క్రీను మీద గార్డును గుండ్రంగా తిప్పి తిప్పి చూశాడు. స్క్రీను మీది గార్డు సరిగ్గానే ఉంది. అచ్చుకు పోయే షీటును మాత్రం తెరిచి చదవలేదు. పరీక్షల కాలం, ఎదురుగా దిద్దాల్సిన షీట్లు కట్టలు కట్టలు. సంతకం పెట్టి పంపించాడు.

గార్డు తయారైన రోజు కరస్పాండెంటు దాన్ని కాలేజీ మెట్ల మీద పెట్టించి, పూలదండ వేయించి, పిల్లలను నిలబెట్టి ఫొటో తీయించాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఆఫీసు గదిలో ఉంది. మూసి ఉండాల్సిన పక్క తెరిచి, తెరిచి ఉండాల్సిన పక్క మూసి, దండ వేసుకుని కూర్చుంది గార్డు. దాని వెనక రామాంజులు సార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. హాజరు పెట్టడానికి పోయినప్పుడల్లా ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు.

ఫ్యాక్టరీలో దాన్ని బిగించబోతే మూసిన చెంప గోడవైపు, తెరిచిన చెంప మనిషి నిలబడే వైపు వచ్చింది. తిప్పి పెడదామంటే ఇరుసు దూరే బొక్క ఇంకోచోటికి పోతుంది. మేనేజరు కాలేజీకి ఫోను చేస్తే సార్ పరీక్షల్లో ఉన్నాడన్నారు. మళ్లీ చేయలేదు. వైరుతో కట్టారు. గ్రీసు కొట్టడానికి అడ్డం వస్తోందని కొన్నాళ్లకు విప్పి గోడకు ఆనించారు. అంతే.

లక్ష్మీదేవమ్మ ఆ మిషను దగ్గర బండలు తోసే మనిషి. బ్లేడు మీద నీళ్లు పోసే పైపు జారితే వంగి తీయబోయింది. కొంగు బెల్టులో పడింది. కొంగును లాక్కోబోయిన చెయ్యిని బెల్టు లాక్కుంది. కుడి చెయ్యి, మోచేతి దాకా.

మరుసటి రోజు నన్ను పిలిపించారు, బెల్టు మార్చడానికి. నేల కడిగేసి ఉంది. గోడకు ఆనించిన గార్డును మళ్లీ వైరుతో మిషనుకు కట్టి ఉంచారు, దుమ్ము కూడా తుడిచి. ఆ మధ్యాహ్నమే తనిఖీ ఆఫీసరు వచ్చి ఫొటోలు తీసుకుని పోయాడు. గార్డు ఉన్నింది, ఆ మనిషే విప్పి పని చేసింది అని రాసుకున్నారు. ఆఫీసరు బండి గేటు దాటగానే గార్డు మళ్లీ గోడ దగ్గరికి పోయింది.

సార్‌కు చెప్పింది నేనే. సాయంత్రం శివాలయం వీధి మలుపులో టీ తాగుతూ కనబడ్డాడు.

“ఏ ఫ్యాక్టరీ రా?” అన్నాడు. చెప్పాను. “ఆడ మన గార్డు ఉండాల గదా?”

“ఉండాది సార్. గోడకు.”

టీ గ్లాసు కింద పెట్టి, లాల్ బాషా అంగడికి నడిచాడు. మేకుకు గుచ్చిన పాత కాగితాల్లోంచి ఆ షీటు తీశాడు. చాలాసేపు కూడా చూడలేదు. మూలనున్న గుర్తు మీద బొటనవేలు పెట్టి, తీసి, పక్కబొమ్మ మీద పెట్టాడు. “థూ” అన్నాడు. ఎవరినన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

లక్ష్మీదేవమ్మను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారని తెలిసినాక, ఒక ఆదివారం నా బండి మీద కొండాపురం దగ్గరి కాలనీకి పోయాం. నీళ్లలో పోయిన ఊళ్లవాళ్లకు ఇచ్చిన ఇళ్లు అవి. సార్ వాళ్ల నాయన చిన్నసుబ్బయ్య ఒక వరసలో ఉంటాడు, లక్ష్మీదేవమ్మ రెండు వరసల అవతల. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషే. మేం పోయేసరికి అరుగు మీద కూర్చుని అన్నం తింటోంది, ఎడమ చేత్తో. ముద్ద నోటి దగ్గరికి వచ్చేలోపల సగం ఒళ్లో పడుతోంది.

“ఏం రామాంజులూ, ఇంత దూరం వచ్చినావు. కూసో” అంది. “చూడు నా బతుకు. చిన్నప్పుడు ఎడమ చేత్తో తింటే మాయమ్మ ఈపు పగలగొడ్తాండె. ఇప్పుడు కొట్టేటోళ్లు గూడా లేరు.”

సార్ కూర్చోలేదు. “అక్కా, ఆ గార్డు నేను గీయించిందే. తప్పు గీయించినా. అందుకే వాళ్లు బిగించలేదు” అన్నాడు.

ఆమె ఒళ్లో పడిన మెతుకులు ఏరి పళ్లెంలో వేసింది. “అదేందో నాకు తెలీదబ్బీ. రేకు గోడకుండాది, నేను మిషనుకాడ ఉన్నా. నాకు తెలిసింది అదే” అంది. తర్వాత, “నువ్వు ఏడ్చొద్దు. నువ్వు ఏడుస్తే నేను సముదాయించాల, నాకు ఓపిక ల్యా” అంది.

సార్ ఏడవలేదు. “ఇప్పుడు ఆ మిషనుకాడ ఎవురుండారు?”

“ఎవురుంటారు? మా కవితే. నా కోడలు. పని మా ఇంటిది పోగూడదని మేనేజరును బతిమాలి నేనే నిలబెట్టిచ్చినా.”

“రేకు బిగించినారా?”

“యాడబ్బా! గోడకే ఉండాది. దాని మీద కవిత అన్నం క్యారియరు తగిలిస్తాది.”

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టుకుంది. తన సంతకం సంగతి తర్వాత, ముందు ఆ మిషనుకు సరైన గార్డు పడాలి. దానికి ఎవరెవరి కాళ్లు పట్టుకోవాలో వాళ్లందరి దగ్గరికీ పోయాడు.

మొదట ఫ్యాక్టరీ యజమాని. గేటు దగ్గర నేనూ ఉన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు.

“కొత్తది నా ఖర్చుతో చేయించి నేనే బిగిస్తా. మీరు ఊరకే ఉండండి, చాలు” అన్నాడు సార్.

“సార్, మీరు చదువుకున్నోరు, కొంచెం ఆలోచన చేయండి. గార్డు ఉన్నిందని రాసుకోని పోయినారు. ఇప్పుడు కొత్తది పెడితే, అప్పుడు లేదని నేనే చెప్పుకున్నట్లు గదా? ఉన్నిందానికి మళ్ళా ఎట్ల పెడతాం?”

“ఆ ఉన్నింది గోడకుండాది గదా.”

“గోడ గూడా ఫ్యాక్టరీలోదే గదా సార్.” ఆయన నవ్వలేదు, ఎగతాళి కాదు. నిజంగా అట్లానే అనుకుంటున్నాడు. “కేసు సద్దుమణగనీండి. ఒక సంవత్సరం పోయినాక చూద్దాం.”

“సంవత్సరం ఆ పిల్ల అట్లే నిలబడాల్నా?”

“జాగర్తగా ఉండమని చెప్పినాం. కొంగు బిగించి దోపుకోమన్నాం.”

తర్వాత ఆఫీసరు. సార్ ఒక్కడే కడప పోయి, గార్డు తప్పుగా గీసింది నేను, అది మిషనుకు పట్టేదే కాదు, మళ్లీ వచ్చి చూడండి అని చెప్పాడు. ఫైలు పైకి పోయింది, మీరు దీంట్లో ఎక్కడా లేరు, అనవసరంగా దూరొద్దు అన్నారట. ఆయన ప్రొద్దుటూరు బస్టాండులో దిగేలోపల కబురు కరస్పాండెంటుకు చేరింది.

కరస్పాండెంటు గదిలో జరిగింది సార్ చెప్పిందే రాస్తున్నాను.

“ఏంది సార్ మీరు చేస్తాండేది? అడ్మిషన్లు లేక ఈగలు తోలుకుంటాండాం. కాలేజీ గీసిన బొమ్మతో చెయ్యి పోయిందని మీరే ఊరంతా చెప్తారా? ఎవుడు చేరుస్తాడు పిల్లోణ్ణి?”

“నిజం చెప్తాండా సార్.”

“అట్లయితే సగం ఎందుకు? అంతా చెప్పండి. గీసింది ఆ పిల్లోడు పృథ్వీ. వాడు చెన్నై పక్క కంపెనీలో చేరిపోయినాడు, వానికేం కాదు. వాని మీద పెట్టండి, మీరూ బయటపడతారు, మనమూ బయటపడతాం. కొత్త గార్డు సంగతి గూడా అప్పుడు నేను మాట్లాడతా.”

సార్ ఒక్క నిమిషం ఆలోచించాడట. అది ఆయనే ఒప్పుకున్నాడు. కొత్త గార్డు పడుతుందంటే పృథ్వీ పేరు చెప్పేద్దామా అనిపించిందట. “మళ్ళా ఏమనిపిచ్చిందంటే, సబ్బు తప్పొస్తే కోసినోనికి కాదు, గీసినోనికి కోత అని చెప్తాంటి గదా. గీసినోడు తప్పు గీస్తే, చూసినా అని సంతకం పెట్టినోని సంగతేంది? దానికి నేను ఎప్పుడూ రూలు పెట్టలేదు రా” అన్నాడు నాతో. పృథ్వీ పేరు చెప్పలేదు.

ఆ మరుసటి రోజే ల్యాబు తాళాలు తీసుకున్నారు. ఆయనకు పిల్లల్ని చేర్పించే పని ఇచ్చారు. టెన్త్ పాసైన పిల్లలున్న ఇళ్లకు పోయి మా కాలేజీలో చేర్చండని అడగాలి. ఇక్కడ లెక్చరర్లందరికీ వేసవిలో అదే పని, కానీ ఆయనకు అదొక్కటే పని అయింది. నెలాఖరుకు పదిమందిని తేకపోతే రావద్దన్నారు. సుకన్యక్క ఇంటి ముందర బట్టలు ఆరేస్తూ నాతో అంది: “ఊర్లో ఉండే మిషన్లన్నీ ఈయప్పవే అయినట్లు చేస్తాండాడు. చెప్పు నువ్వన్నా.” నేను చెప్పలేదు.

కాలేజీ బండి ఇవ్వలేదు కాబట్టి ఒక రోజు పులివెందుల పక్క ఊళ్లకు నా బండి మీదే పోయాం. యురేనియం గని ఉండే తుమ్మలపల్లెలో ఒక రైతు ఇంటి ముందర మంచం వేశాడు. మెట్టపొలం, వేరుశనగ. కొడుకు టెన్త్ పాసయ్యాడు.

“మీకాడ చదివితే మావానికి గనిలో పనొస్తాదా సార్?” అన్నాడు రైతు.

“తెలీదప్పా.”

“కంప్యూటర్లో డ్రాయింగు నేర్పిస్తారంట గదా. అది నేర్చుకుంటే ఇంగ తప్పులే రావంట గదా?”

ఇంకెవరైనా అయితే అవునప్పా అని ఫారం ముందర పెట్టేవాళ్లు. సార్ ఆ పిల్లవాడి వైపు చూసి, “నేను శానా ఏండ్లు నేర్పించినా. తప్పొచ్చింది. ఒకామె చెయ్యి పోయింది” అన్నాడు. రైతు లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. కొడుకును చేర్చలేదు.

బండి ఎక్కాక అడిగాను, “ఇట్ల చెప్తే ఎవురు చేరతారు సార్?”

“చేరితే మాత్రం ఎవురు చెప్తారు రా వాళ్లకు? ఆ ల్యాబులో ఇప్పుడు వీడియో పెట్టి పోతాండారు” అన్నాడు.

పదిమందిలో ఒక్కరు కూడా రాలేదు. నెలాఖరు వచ్చింది. అప్పుడే ఆయన లాల్ బాషా అంగడికి వచ్చాడు, నేను మొదట రాసిన ఆ పొద్దున.

లాల్ బాషా చెయ్యనని తేల్చేసి, కోపంగా లోపలికి పోయి మిషను స్విచ్చు వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ చప్పుడులో ఇక మాట్లాడే పని ఉండదని వేశాడు. సార్ బయటికి వచ్చి పంచరు షాపు పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. నేను రెండు టీలు తీసుకుని పోయాను. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. మనిషి సగమైపోయాడు. తాగమంటే తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

“నిన్న ఫ్యాక్టరీకి పోయింటివంట గదా?” అన్నాడు.

“పోయింటి సార్. బేరింగు మార్చేదానికి.”

“కవిత యాడ నిలబడతాది? వాళ్లత్త నిలబడే చోటేనా?”

“ఆడనే. కానీ ఆమె ఎడమచేతి వాటం సార్. బెల్టుకు ఇంకా దగ్గరగా నిలబడతాది.”

ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది. ఆయన కళ్లు మూసుకుని, వేళ్లతో గాలిలో ఏదో కొలిచాడు. తర్వాత సంచిలోంచి న్యూస్ పేపరు చుట్టిన పొట్లం తీసి నా ఒళ్లో పెట్టాడు. విప్పాను. పసుపుపచ్చ బార్ సబ్బు. దాన్ని గార్డు మాదిరి కోశాడు. చెంపలు, ఇరుసు దూరే బొక్క, కాళ్లు, బోల్టుల చోట్లు, అన్నీ ఉన్నాయి. అంచులు బ్లేడుతో కాదు, గాజుముక్కతో నున్నగా గీకాడు. కింద ఇంకో సబ్బు పలకను పీటలాగా పెట్టి, దాని మీద మూసిన చెంప వైపు ఒక అగ్గిపుల్ల గుచ్చాడు.

“ఈ అగ్గిపుల్ల ఏంది సార్?”

“కవిత.”

నేను పుల్లను ముట్టుకోలేదు. సబ్బును అటూ ఇటూ తిప్పి చూశాను. ఎటు తిప్పినా పుల్లకూ బెల్టు ఉండే చోటుకూ మధ్య సబ్బు గోడ ఉంది.

“ఈసారి కాగితం లేదు రా” అన్నాడు. “గుర్తు ల్యా, డబ్బా ల్యా. తిరగేసి చదివేదానికి ఏమీ ల్యా. చేత్తో పట్టుకోని చూడొచ్చు. ఈడ చిన్న బొక్క పెట్టినా, కనబడిందా? గ్రీసు కొట్టేదానికి. పోయినసారి దాని కోసమే గదా విప్పి పక్కన పెట్టింది. ఇప్పుడు విప్పే పని లేదు. కొలతలు పాతవే, పక్క ఒకటే మార్చినా.”

“బాగుండాది సార్” అన్నాను. ఏమడగబోతున్నాడో అప్పటికే తెలిసిపోయింది. ఆ ఫ్యాక్టరీవాళ్లు నన్నొక్కడినే లోపలికి రానిస్తారు, ఆయన్ను గేటు దాకా కూడా రానివ్వడం లేదు. నేను వాళ్లకు తెలీకుండా దీన్ని బిగిస్తే, బిగించిన రోజే ఆ దారిలో ఫ్యాక్టరీలన్నీ నాకు మూతపడతాయి, లాల్ బాషా అంగడితో సహా.

ఆయన టీ గ్లాసును టైరు పక్కన పెట్టాడు. నా మోకాలి మీద చెయ్యి వేశాడు. క్లాసులో ఎవరినీ ముట్టుకునే మనిషి కాదు.

“సాయీ, నీ పని పోతాదని తెల్సు. తెల్సే అడుగుతాండా. లాల్ బాషాకు చాటుగా చెయ్యొద్దు, నేను చేస్తాండానని చెప్పే చెయ్యి, ఆయప్ప తిడితే పడు. రేకు నేను తెచ్చిస్తా. కరెంటు కోత రోజు చూసుకోని పో. వైరుతో కట్టొద్దు, బోల్టులే వెయ్యి. బోల్టు తలకాయలకు వెల్డింగు పెట్టు, ఎవుడూ పీకగూడదు. బిగించినాక వెంటనే రావొద్దు. కవితను పిలిచి, ఆమె ఎప్పుడూ నిలబడేచోట నిలబెట్టు. ఆమె పక్క మూసుకోనుండాదా లేదా అని నీ కండ్లతో చూడు. నా మాదిరి సంతకం పెట్టి పంపించొద్దు రా.”